రేపు చెబుతాను

మన వైపు "రేపు చెబుతాను" అన్న మాటకు నిఘంటువులో ఒక అర్థమూ, వాడుకలో వేరొక అర్థమూ ఉన్నాయి. బాకీ అడగవచ్చిన షావుకారుకీ, సంబంధం సంగతి కనుక్కోవచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్యకీ, చందాల పుస్తకం పట్టుకొచ్చిన వినాయకచవితి కుర్రాళ్ళకీ మనం చెప్పేది ఆ ఒక్క మాటే. దాని అసలు అర్థం వాళ్ళకీ తెలుసు. ఒకప్పుడు కొన్ని ఊళ్ళలో దయ్యం లోపలికి రాకుండా తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకునేవారు. దయ్యం పాపం చదువుకుని, నమ్మి, వెళ్ళిపోయేదట. మనుషులు అంత అమాయకంగా నమ్మరు.

ఈ మాటకి పాఠం చెప్పే గదిలో కూడా మంచి చెలామణీ ఉంది. నేనూ వాడాను. నేను ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. చాలా ఏళ్ళ కిందట ఒకరోజు బోర్డు మీద వేరియన్స్ సూత్రం రాస్తుంటే, రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది. "సార్, అయిదు అంకెలకి సగటు కట్టినప్పుడు అయిదుతో భాగించాం కదండీ. ఇప్పుడేమో నాలుగుతో భాగిస్తున్నాం. ఎందుకండీ?" అంది.

ప్రశ్న చిన్నదే. జవాబు నాకు తెలుసుననే అనుకున్నాను. చెప్పబోతే మాట పెగల్లేదు. పుస్తకంలో ఉంది కనక మా మాస్టారు అలా భాగించారు, మా మాస్టారు భాగించారు కనక నేనూ భాగిస్తూ వచ్చాను. "టైం అయిపోయిందమ్మా, రేపు చెబుతాను" అన్నాను. గంట కొట్టటానికి ఇంకా పావుగంట ఉంది.

మర్నాడు ఆ అమ్మాయి నా మొహంకేసి చూసింది. నేను బోర్డుకేసి చూశాను. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి ఆ అమ్మాయి చూడటం మానేసింది. ఆ ఏడాదంతా ఇంకో ప్రశ్న అడగలేదు. పరీక్షలో మాత్రం నాలుగుతోనే భాగించి ఫస్టు మార్కులు తెచ్చుకుంది.

ఇది ఇన్నాళ్ళకి ఎందుకు గుర్తొచ్చిందంటే, 2023 ఆగస్టు 22న సి.ఆర్. రావు గారు అమెరికాలోని బఫలోలో పోయారు. నూట రెండేళ్ళు బతికిన మనిషి. ఆయన పోయాక ఆయన కుర్రతనం నాటి కలకత్తా సంగతులు మళ్ళీ తిరగేస్తుంటే, అక్కడా ఒక తరగతి గది, ఒక విద్యార్థి ప్రశ్న, జవాబు తోచని ఒక మాస్టారు కనిపించారు. అయితే వాళ్ళకి మర్నాడనేది వచ్చింది. ఆ మర్నాడు రావటానికి వెనకాల ఒక గది కథ ఉంది. అది చెబుతాను.

కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ అని ఒక ఫిజిక్సు ప్రొఫెసరు ఉండేవాడు. కేంబ్రిడ్జిలో చదువు ముగించుకుని 1915లో ఇంటికి బయల్దేరబోతే, మొదటి ప్రపంచయుద్ధం మూలంగా ఓడ ఆలస్యమైంది. ఊరికే కూర్చోలేక కాలేజీ లైబ్రరీలో తిరుగుతుంటే, మెకాలే అనే ట్యూటరు 'బయోమెట్రికా' అనే పత్రిక సంపుటాలు చూపించాడు. కార్ల్ పియర్సన్ నడిపిన స్టాటిస్టిక్స్ పత్రిక అది. మహలనోబిస్ ఆ సంపుటాలన్నీ కొనేసి, ఓడలో చదువుకుంటూ వచ్చాడు. ఓడ వేళకి బయల్దేరి ఉంటే మన దేశంలో స్టాటిస్టిక్స్ కథ ఎలా ఉండేదో!

ఆయన పగలు ఫిజిక్సు చెబుతూ, మిగతా వేళల్లో ఈ కొత్త శాస్త్రం చూసుకునేవాడు. ప్రెసిడెన్సీ కాలేజీ బేకర్ లేబొరేటరీలోని ఆయన గదే 'స్టాటిస్టికల్ లేబొరేటరీ' అయింది. లేబొరేటరీ అంటే గాజు గొట్టాలూ, స్పిరిట్ దీపాలూ ఊహించుకోకండి. కాగితాలు, చేత్తో తిప్పే లెక్కల మిషన్లు, వాటి చుట్టూ కొందరు కుర్రాళ్ళు. 1931 డిసెంబరు 17న జరిగిన సభలో దానికి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టాలని తీర్మానించారు. మొదటి ఏడు ఆ సంస్థ పెట్టిన ఖర్చు మొత్తం 238 రూపాయలు. ఆ రోజుల్లో కూడా అది ఒక మోస్తరు పెళ్ళిలో బాజాభజంత్రీల ఖర్చులా ఉంటుందేమో!

ఆ గదికి వచ్చినవాళ్ళలో స్టాటిస్టిక్స్ చదువుకున్నవాడు ఒక్కడూ లేడు. ఉండటానికి దేశంలో ఆ చదువు ఉంటేగా! ఒకడిది ఫిజిక్సు, ఒకడిది లెక్కలు. రాజచంద్ర బోస్ అనే ఆయన ఆశుతోష్ కాలేజీలో లెక్చరరు, జ్యామితిలో దిట్ట. 1932 డిసెంబరులో ఒకరోజు ఆయన ఇంటి ముందు కారు ఆగింది. అందులోంచి మహలనోబిస్ దిగాడు. మా లేబొరేటరీలో పని చెయ్యమన్నాడు. తనకి స్టాటిస్టిక్స్ బొత్తిగా తెలియదని బోస్ నిజం చెప్పాడు. అదేం అడ్డం కాదన్నట్టు మహలనోబిస్ ఆయన ముందు చదవవలసిన పుస్తకాలూ, వ్యాసాలూ పెట్టాడు. తెలియదన్నవాణ్ణి పిలిచి కుర్చీ వేశారన్నమాట. మనమైతే ముందు సర్టిఫికెట్టు అడుగుతాం.

ఇక ఆ గదిలో సెమినారు ఎలా ఉండేదో చెప్పాలి. సెమినారనగానే మనకి కళ్ళముందు కదిలేది ఒక బేనరు, పూలదండ, జ్యోతి ప్రజ్వలన, సమోసా. ముఖ్య అతిథి గంట ఆలస్యం. "ప్రశ్నలకు సమయం లేనందున" అని వందన సమర్పణ. కలకత్తా గదిలో ప్రశ్నే ముఖ్య అతిథి.

1938 జనవరిలో కలకత్తాలో మొదటి ఇండియన్ స్టాటిస్టికల్ కాన్ఫరెన్సు జరిగింది. ఇంగ్లండునుంచి రోనాల్డ్ ఫిషర్ వచ్చి అధ్యక్షత వహించాడు. ఫిషర్ అంటే ఆ విద్యకి అప్పట్లో బృహస్పతి. పైరుపొలాల్లో ప్రయోగాలు ఎలా చెయ్యాలో నేర్పినవాడు. అదెలాగంటే - అయిదు రకాల వరిలో ఏది మంచిదో తేల్చాలి. పొలంలో ఒక మూల సారం ఎక్కువ, ఇంకో మూల చవుడు. మంచి మూలలో పడ్డ రకం గెలిచిందంటే అది వరి గొప్పా, నేల గొప్పా? అందుకని పొలాన్ని అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు గళ్ళుగా విడగొట్టి, ప్రతి అడ్డవరసలోనూ ప్రతి నిలువువరసలోనూ ఒక్కో రకం ఒక్కసారే వచ్చేలా నాటుతారు. దాన్ని లాటిన్ చదరం అంటారు. ఇప్పుడు అవే గళ్ళలో అయిదు రకాల ఎరువులు కూడా అదే పద్ధతిలో పరచాలి. ప్రతి వరికీ ప్రతి ఎరువూ ఒక్కసారే జత పడాలి. ఆ పైన అయిదు రకాల దుక్కి. ఇలా ఒకదాని మీద ఒకటి ఎన్ని పొరలు పరచవచ్చు?

చదరం భుజం ప్రధాన సంఖ్య అయినా, ఆ ప్రధాన సంఖ్యని దానితోనే హెచ్చించగా వచ్చినదైనా, అంటే 3, 4, 5, 7, 8, 9 లాంటిదైతే, ఎన్ని పొరలకి వీలుందో అన్నీ పూర్తిగా పరచవచ్చునని తనకి తోస్తోందని ఫిషర్ అక్కడి సెమినారులో అన్నాడు. తోస్తోందనే అన్నాడు, రుజువు తన దగ్గరుందనలేదు. అంత పెద్దవాడు తనకి తెలియని సంగతి కుర్రాళ్ళ ముందు పెట్టి ఊరుకున్నాడు. అది బోస్ పట్టుకున్నాడు.

అంతకు రెండేళ్ళ ముందే కలకత్తా యూనివర్సిటీకి ఫ్రెడరిక్ లెవీ అనే జర్మన్ గణితజ్ఞుడు వచ్చాడు. యూదుడు. హిట్లర్ రాజ్యంలో నిలువనీడ లేక ఇక్కడికి వచ్చి, గాల్వా పేరుమీద ఉన్న కొత్తరకం బీజగణితం చెబుతుండేవాడు. బోస్ వెళ్ళి అదీ విన్నాడు. వరిపొలానికీ ఈ బీజగణితానికీ ఏం సంబంధం? సంబంధం ఉందని బోస్ కనిపెట్టాడు. ఫిషర్ ఊహ నిజమేనని ఆ బీజగణితంతోనే రుజువు చేసి 1938లో అచ్చువేశాడు. జర్మనీ, ఇంగ్లండూ, కలకత్తా ఒక్క పొలంలో కలిసినట్టయింది.

ఆ పొలం దున్నటం బోస్ మానలేదు. 1782లో ఆయిలర్ అనే మహాగణితజ్ఞుడు, భుజం 6, 10, 14 ఇలా ఉన్న చదరాల్లో రెండో పొర అసలు పరచలేమని ఊహించి వెళ్ళాడు. ఆరు విషయంలో ఆయన మాట నిజమే. మిగతావాటి విషయంలో తప్పని బోస్, ఆయన శిష్యుడు శ్రీఖండే, పార్కర్ అనే అమెరికన్ కలిసి 1959లో తేల్చారు. నూట డెబ్బయి ఏడేళ్ళు నిలిచిన ఊహ పడిపోయిందని న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది. పెద్దవాళ్ళ ఊహ ఒకసారి నిలబడుతుంది, ఒకసారి పడుతుంది. ఎవరో ఒకరు పట్టి చూస్తేగాని ఏది ఏదో తెలియదు.

ఇప్పుడు మనవాడి దగ్గరికి వద్దాం. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లా హడగలిలో పుట్టాడు. ఎనిమిదో సంతానం కనక కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. రిటైరై విశాఖపట్నం చేరారు. తల్లి తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి ఎదురుగా పెట్టి చదివించేదట. పెద్దయ్యాక ఆయన ఒక పుస్తకం ఆవిడకే అంకితమిస్తూ ఆ దీపం సంగతి రాసుకున్నాడు. ఏ.వి.ఎన్. కాలేజీలోనూ, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనూ లెక్కలు చదివాడు. రీసెర్చి స్కాలర్‌షిప్పుకి దరఖాస్తు ఆలస్యమై రాలేదు. మిలిటరీ సర్వేలో లెక్కల ఉద్యోగం ఉందంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్ళాడు. అదీ రాలేదు. బసలో కలిసిన దక్షిణాది యువకుడొకడు ఫలానా చోట స్టాటిస్టిక్స్ నేర్పుతారని చెబితే చూడటానికి వెళ్ళి, 1941 జనవరి 1న అక్కడే చేరిపోయాడు. ఆ ఏడే కలకత్తా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. మొదలైంది, దేశంలో అదే మొదటిది. రావు 1943లో ఫస్టుక్లాసులో ఫస్టుగా పాసై, వెంటనే తనూ అక్కడ పాఠాలు చెప్పసాగాడు.

అవి మామూలు రోజులు కావు. 1942 డిసెంబరులో కలకత్తా మీద జపాను బాంబులు పడ్డాయి. 1943లో బెంగాల్ కరువు లక్షలాది మందిని పొట్టనపెట్టుకుంది. ఈ గదిలోని మనుషులే ఆ తరువాత పల్లెలకి వెళ్ళి, ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో, ఎవరు భూములమ్ముకున్నారో శాంపిల్ సర్వే చేసి లెక్క తేల్చారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు, వేల పల్లెల దుఃఖాన్ని కొన్ని పల్లెల్లో చూసి చెప్పాలి. మెతుకు తప్పు పడితే, ఉడకని అన్నాన్ని ఉడికిందని చెప్పినట్టవుతుంది. అందువల్ల కొద్దిపాటి శాంపిల్‌ని ఎంతవరకు నమ్మవచ్చన్నది అక్కడివాళ్ళకి బోర్డు మీది ముచ్చటగా ఉండే అవకాశం లేదు.

1944లో ఒకరోజు రావు ఎం.ఏ. తరగతిలో అంచనాల గురించి ఫిషర్ ఫలితం ఒకటి చెబుతున్నాడు. శాంపిల్ చాలా చాలా పెద్దదైనప్పుడు అంచనాలో పొరపాటు ఎంతకంటే తగ్గదో ఆ ఫలితం చెబుతుంది. వింటున్నవాళ్ళలో దండేకర్ అనే మహారాష్ట్ర విద్యార్థి ఉన్నాడు. శాంపిల్ చిన్నదైతే అలాంటి హద్దు చెప్పలేమా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. పన్నెండు మంది రోగుల్ని చూసిన డాక్టరు దగ్గరా, పది గళ్ళలో నాటిన రైతు దగ్గరా ఉండేది చిన్న శాంపిలే. రావు దగ్గర అప్పటికి జవాబు లేదు. పుస్తకాల్లోనూ కనిపించలేదు. మాస్టారూ శిష్యుడూ ఇద్దరూ 1920లోనే పుట్టినవాళ్ళు. పెద్దరికం చూపి కూర్చోబెట్టే వీలూ లేదు. రావు ఇంటికి వెళ్ళి ఆ రాత్రి దానితోనే కూర్చున్నాడు. మర్నాడు తరగతికి జవాబుతో వచ్చాడు.

ఆ జవాబు ఏమిటో వంటింటి భాషలో చెబుతాను. పాలలో ఉన్నంత వెన్నే వస్తుంది. కవ్వం ఎంత మంచిదైనా, చిలికే చెయ్యి ఎంత నేర్పుగలదైనా అంతకుమించి రాదు. అలాగే ఒక శాంపిల్‌లో ఇంత సమాచారమని ఉంటుంది. ఎటూ మొగ్గకుండా అంచనా కట్టేవాడు ఎంత మేధావి అయినా, పొరపాటుని ఆ సమాచారం విధించిన హద్దు కంటే తగ్గించలేడు. ఆ హద్దు ఎంతో రావు సూత్రం రాసి చూపించాడు. చిన్న శాంపిల్‌కీ అది చెల్లుతుంది. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో పది పదకొండు పేజీల వ్యాసంగా వచ్చింది. యుద్ధకాలం, ఎవరి పని వారిదే. ఫ్రాన్సులో ఫ్రెషే 1943లోనే ఇలాంటి ఫలితం ప్రకటించాడు. స్వీడన్‌లో క్రామర్ విడిగా సాధించి తన పుస్తకంలో పెట్టాడు. లోకం దానికి క్రామర్-రావు హద్దు అని పేరు పెట్టింది. రేడియో సంకేతాల్లోనూ, రాడార్లలోనూ దూరం కొలిచేవాళ్ళు ఇప్పటికీ ఆ పేరు తలవకుండా పని మొదలుపెట్టరు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ రావు గారికిచ్చినప్పుడు, డెబ్బయ్యెనిమిదేళ్ళ నాటి ఆ వ్యాసాన్నే ముందు పెట్టుకుని ఇచ్చారు.

ప్రశ్న అడిగిన దండేకర్ ఏమయ్యాడంటే, దేశం మెచ్చిన ఆర్థికవేత్త అయ్యాడు. 1971లో నీలకంఠ రథ్‌తో కలిసి 'పావర్టీ ఇన్ ఇండియా' రాశాడు. నేషనల్ శాంపిల్ సర్వే అంకెలు పట్టుకుని మన దేశంలో ఎంతమందికి కడుపునిండా తిండి లేదో లెక్కకట్టాడు. శాంపిల్‌ని ఎంతవరకు నమ్మవచ్చని అడిగిన కుర్రాడికి ఆ పని తగినదే.

ఆ గదిలో అందరూ దేవతలని నేననను. మహలనోబిస్ పట్టుదల మనిషి. బోస్ 1949లో అమెరికా వెళ్ళిపోయాడు. అయితే గది అలవాటు మాత్రం పోలేదు. ఇన్‌స్టిట్యూట్ బారానగర్‌కి మారాక, 1950ల చివర్లో అక్కడ వరదరాజన్, రంగారావు, పార్థసారథి, వరదన్ అని నలుగురు కుర్రాళ్ళు జట్టుకట్టారు. వాళ్ళకి కావలసిన గణితం చెప్పేవారు అక్కడ లేరు. అందుకని ఒకరు చదివి మిగతావాళ్ళకి చెప్పటం, చెప్పేవాణ్ణి మిగతావాళ్ళు నిలదియ్యటం. వరదన్ పరిశ్రమల్లో పనికొచ్చే స్టాటిస్టిక్స్ నేర్చుకుందామని వచ్చి, వీళ్ళ వల్ల దారి మళ్ళాడు. 2007లో ఏబెల్ బహుమతి అందుకున్నాడు.

1962లో రష్యానుంచి కొల్మొగొరోవ్ వచ్చినప్పుడు వరదన్ తన పరిశోధన మీద సెమినారిచ్చాడు. ఉత్సాహంలో చాలాసేపు మాట్లాడాడు. అది ముగిసి కొల్మొగొరోవ్ చర్చకి లేచేసరికి, కూర్చుని విసిగినవాళ్ళు కొందరు లేచి వెళ్ళసాగారు. ఆయన చేతిలో సుద్దముక్క విసిరేసి బయటికి నడిచాడు. తన డాక్టరేటు గంగలో కలిసిందనుకున్నాడు వరదన్. వెంటపడి క్షమాపణ చెప్పుకుంటే, తమ దేశంలో సెమినార్లు మూడేసి గంటలు నడుస్తాయనీ, కోపం నీ మీద కాదనీ, చర్చ మొదలవగానే లేచినవాళ్ళ మీద అనీ చెప్పాడట ఆ పెద్దాయన. ఉపన్యాసం అయ్యాకే అసలు సెమినారు మొదలని ఆయన లెక్క.

ఇప్పుడు హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో సి.ఆర్. రావు గారి పేరున ఒక సంస్థ ఉంది. ఆయన పేరు గోడమీద ఉండటం బాగానే ఉంది. జవాబు తెలియని రోజున ఆయన చేసిన పని మన తరగతి గదుల్లో ఉందా అని అడిగితే, ముందు నేనే తల దించుకోవాలి. నాకున్న ప్రశ్న ఎవరూ సాధించనిది కూడా కాదు. ఒక సాయంత్రం లైబ్రరీలో కూర్చుంటే తేలిపోయేది. కూర్చోలేదు.

అంచేత ఆ బాకీ ఇక్కడ తీరుస్తున్నాను. అమ్మాయ్, విను. పళ్ళెంలో అయిదు రకాల మిఠాయిలున్నాయి, అయిదుగురు పిల్లలున్నారు. మొదటి నలుగురూ తమకిష్టమైనది ఏరుకుంటారు. అయిదోవాడికి ఏరుకునే హక్కు లేదు, మిగిలిందే వాడిది. అయిదు అంకెలకి సగటు కట్టి, ఒక్కొక్కటీ సగటుకి ఎంత దూరంలో ఉందో చూస్తే, హెచ్చుతగ్గులన్నీ కలిపి సున్నా అవుతాయి. నాలుగు దూరాలు తెలిస్తే అయిదోది దానంతటదే తేలుతుంది. స్వేచ్ఛ ఉన్నవి నాలుగే. పైగా ఆ సగటు ఆ అయిదింటి కడుపులోంచే పుట్టింది కనక వాటికే దగ్గరగా ఉంటుంది. మనకి తెలియని అసలు సగటునుంచి కొలిచి వర్గాలు కూడితే, మొత్తం ఇంతకంటే ఎక్కువేగాని తక్కువ రాదు. ఆ వెలితి సరిపెట్టటానికే నాలుగుతో భాగిస్తాం.

ఈ కాగితాలు మా మనవరాలు చదివి, "మరి అసలు సగటు ముందే తెలిస్తే ఎంతతో భాగించాలి తాతయ్యా?" అంది. భోజనాల వేళయింది, వంటింట్లోంచి పిలుపులు కూడా వస్తున్నాయి. అయినా కూర్చుని, "అప్పుడు ఎవరి మిఠాయి వాళ్ళిష్టమేనే, అయిదుతోనే భాగించు" అని చెప్పి మరీ లేచాను.